మునగడానికే కట్టిన పడవ

పడవలు మునగకుండా చూడటం నా ఉద్యోగం. విశాఖపట్నంలో ఓడల డ్రాయింగ్ ఆఫీసులో మొదలుపెట్టి, డబ్లిన్ రేవు పక్కన ఒక చిన్న డిజైన్ కంపెనీలో ముగించాను. ఈ రెండింటి మధ్యా చేసిందల్లా ఇతరులు గీసిన బొమ్మల్లో తప్పులు వెతకడం. బయోడేటాలో దీన్ని గొప్పగానే రాసుకున్నాను గానీ, నిజానికి అంతే. "ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగవేమిటే" అనేవారు మా ఆయన, బతికున్న రోజుల్లో.

ఒత్తిడి లెక్కగట్టడమే పని కాబట్టి, ఉద్యోగంలో ఒత్తిడి ఎంత ఉండేదని ఎవరైనా అడిగితే అంకెల్లో చెప్పగలను. అలసట ఎంతంటే మాత్రం నా దగ్గర అంకె లేదు. వద్దు అని చెప్పే పనిలో ఉండే అలసట అది. మన మాట విని ఆగిపోయినవాడికి ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కనుక, మనం అనవసరంగా ఆపామనే అతను జీవితాంతం అనుకుంటాడు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందే తెలుసుకోవాల్సింది ఇది. మిగతావి కాలేజీలో చెబుతారు.

ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి తక్కువ, వచ్చినప్పుడల్లా పెరిగింది పనే. ఒక్క పడవ గురించి రాస్తాను. ఉద్యోగంలో ఉండగా చూసింది కూడా కాదు, రిటైరయ్యాక చూసింది. జీతానికి చూసినవన్నీ ఒక ఎత్తు, పులిహోరకు చూసిన ఆ ఒక్కటీ ఒక ఎత్తు.

బోర్లించిన గ్లాసు

డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో కిశోర్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి అపార్ట్‌మెంట్ కొనుక్కుని గృహప్రవేశానికి పిలిచాడు. భోజనాల దగ్గర నా పక్కన సుధాకర్ కూర్చున్నాడు. వరంగల్ మనిషి, ములింగార్ అనే ఊళ్ళో ఆస్పత్రిలో మత్తు డాక్టరు. నన్ను అక్కా అంటాడు.

"అక్కా, మా నిత్య సబ్‌మెరీన్ చేస్తున్నది" అన్నాడు, మా నిత్య సకినాలు చేస్తున్నది అన్నంత మామూలుగా.

"బొమ్మదా?"

"బొమ్మది కాదక్కా, నిజమైందే. మా దిక్కు ఒక రైతు దగ్గర పాత పాల ట్యాంకు తెచ్చినం. మనిషి లోపల కూసొని చెరువులకు దిగుడే. బట్టలు సుత తడువయి."

నిత్య అతని కూతురు. డండాక్ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ అప్పుడే పూర్తి చేసింది. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ములింగార్ వైపు వెస్ట్‌మీత్ యాసలో ఇంగ్లిషులో వస్తుంది. ఎదురు బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి నా ముందు నిలబడింది.

"ఆంటీ, విల్ యూ చెక్ మై డ్రాయింగ్స్? ప్లీజ్?"

"ఐర్లండ్ మొత్తంలో మన వాళ్ళలో మీ అంత ఎక్స్‌పీరియన్స్ ఎవరికుంది ఆంటీ" అని కిశోర్ వెనకనుంచి అందుకున్నాడు. అతనూ ఆ పడవలో భాగస్వామేనని తర్వాత తెలిసింది. అలా ముగ్గురూ కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. దిగేది మునిగే పడవలోకని అప్పుడు తోచలేదు.

ఆ పడవ సంగతి అర్థం కావాలంటే ఒక స్టీలు గ్లాసును బోర్లించి, నిటారుగా బకెట్లో ముంచండి. గ్లాసు లోపల పైన అతికించిన కాగితం ముక్క తడవదు. గాలి నీటిని రానివ్వదు. నిత్య పడవ అలాంటి గ్లాసే. అడుగున మనిషి పట్టేంత రంధ్రం ఉంటుంది, దానికి మూత ఉండదు. లోతుకు వెళ్ళేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. అందుకు తగ్గట్టు సిలిండర్లోంచి గాలి వదులుతూ లోపలి ఒత్తిడినీ పెంచుకుంటూ పోవాలి. లోపలా బయటా సమానమే కనుక గోడలు మందంగా ఉండక్కర్లేదు. నేవీ వాళ్ళ జలాంతర్గామి సముద్రంతో కుస్తీ పడుతుంది. ఇది రాజీ పడుతుంది. ఇంట్లో కట్టుకునేవాళ్ళకు రాజీయే మేలు.

రాజీకి షరతులుంటాయి. గోడలకు లేని కష్టం లోపలి మనిషికి వస్తుంది. చెవుల మీద, ఊపిరితిత్తుల మీద ఆ ఒత్తిడంతా ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, జలుబుంటే దిగనే కూడదు. ఆ విషయాలూ, గాలి సిలిండర్ల సంగతీ సుధాకర్‌కు వదిలేశాను. మనుషులను కిందికి దించి, క్షేమంగా పైకి తేవడంలో మా అందరిలోకీ అనుభవం అతనికే ఎక్కువ.

తలుపు ఎటు తెరుచుకుంటుంది

విశాఖలో నా మొదటి బాస్‌ను రావుగారు అందాం. మంచి బాస్ అని అబద్ధం చెప్పను. ఆఫీసులో ఉన్న ఇద్దరు ఆడపిల్లలకూ ఓడల్లో వంటగదులు, బాత్రూముల డ్రాయింగులే ఇచ్చేవారు. సముద్రం మీదున్నా వంటగది ఆడవాళ్ళదేనని ఆయన నమ్మకం. అరిచేవారు, మర్చిపోయేవారు, మళ్ళీ అదే విషయానికి అరిచేవారు. కానీ ఒక అలవాటు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఏ డ్రాయింగ్ తెచ్చినా బల్ల మీద తలకిందులుగా తిప్పి పెట్టేవారు.

"ఏటమ్మా, బొమ్మ తిన్నగా ఉంటే నువ్వు గీసింది కనపడదు. గీద్దామనుకున్నది కనపడతాది. తిప్పీ."

నిత్య డ్రాయింగ్‌ను మా వంటింటి బల్ల మీద పరిచి నేనూ అదే చేశాను. ఆ అమ్మాయి మెడ వంచి చూస్తూ నిలబడింది. మంచి డ్రాయింగే. చెయ్యి తిరిగిన గీత, శుభ్రమైన ఆలోచన. పాల ట్యాంకు నెత్తిన, మనిషి ఎక్కి దిగడానికి ఒక గుండ్రటి తలుపు. బయటికి తెరుచుకుంటుంది. దానికి ఒక చిన్న గడియ.

"ఇంత చిన్న గడియ ఎందుకమ్మా?"

"బికాజ్ ద వాటర్ పుషెస్ ఇట్ షట్, ఆంటీ." ఇంత తెలీదా అన్నట్టు చూసింది. అన్ని సబ్‌మెరీన్లలోనూ అంతే, లోతుకు వెళ్ళేకొద్దీ సముద్రమే తలుపును బిగించి పట్టుకుంటుంది.

"మన సబ్‌మెరీన్‌లో?"

లేచి టీ పెట్టాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న నైపుణ్యమంటూ ఉంటే అది టీ పెట్టడమే. ప్రశ్న అడిగి, అవతలివాళ్ళ మొహం చూడకుండా ఉండటానికి అంతకంటే మంచి సాకు లేదు. నీళ్ళు మరిగేలోపు వెనకనుంచి "ఓ నో" అని వినిపించింది.

లోపలి గాలి ఒత్తిడి అడుగున రంధ్రం దగ్గర నీటి ఒత్తిడితో సమానం. నెత్తి దగ్గర నీరు రంధ్రం కన్నా ఎత్తున ఉంది కాబట్టి, అక్కడ నీటి ఒత్తిడి తక్కువ. లోపల గాలి మాత్రం ఎక్కడైనా ఒకటే. అంటే నెత్తి మీది తలుపును నీరు మూయదు, గాలే పైకి నెడుతుంది. మనిషి కూర్చునేంత ఎత్తున్న ట్యాంకులో ఆ తోపు, ఒక గేదె లోపలినుంచి తలతో కుమ్మినంత ఉంటుంది. పాల ట్యాంకులో గేదె ఉండటం న్యాయమే గానీ, గడియ దాని కోసం గీసింది కాదు.

నిత్య ఏడవలేదు. పెన్సిల్ అడిగింది. పై తలుపు తీసేసి, మనిషి కింది రంధ్రంలోంచే వచ్చిపోయేలా మార్చింది. నెత్తిన బయటికి చూడటానికి యాక్రిలిక్ ప్లాస్టిక్ డోము, దాన్ని గేదె కుమ్మినా కదలకుండా చుట్టూ బోల్టులు. డోమును అమ్మినవాళ్ళే అంచున రంధ్రాలు వేసి పంపారు. ఆ రంధ్రాలు నాకు అంతగా నచ్చలేదు. లెక్క వేస్తే నిలబడ్డాయి. ఊరుకున్నాను.

కిశోర్ చేసిన తప్పు ఇంకా ముచ్చటైనది. పడవను ముంచడానికి ఎంత బరువు కావాలో కంప్యూటర్లో చక్కగా లెక్కగట్టి, సోనామసూరి ఖాళీ సంచుల్లో ఇసుక నింపి గ్యారేజీలో పేర్చాడు. ఇసుక ఒడ్డున తూగినంత నీళ్ళలో తూగదు, మూడోవంతు పైనే పోతుంది. ఆ సంచులతో దింపితే మా సబ్‌మెరీన్ బాతులా తేలేది. చివరికి లాక్‌డౌన్‌లో ఉత్సాహంగా కొని, ఆ తర్వాత బట్టలారేసుకోవడానికి వాడుతున్న జిమ్ముల ఇనుమంతా చుట్టుపక్కల ఇళ్ళనుంచి పోగుచేశాడు. కండలు పెంచని ఇనుము కనీసం పడవనైనా ముంచుతుందని అందరూ సంతోషంగా ఇచ్చారు.

డెక్లాన్ వ్యాను

డబ్లిన్ బాస్‌ను డెక్లాన్ అందాం. లెక్కలంటే బద్ధకం, అవన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్పదని కాదు. పరవాలేదు, సరిపోతుంది, ఇక మాట్లాడకు, ఈ మూడూ కలిపి గ్రాండ్. అందరూ రోజంతా అనే ఆ మాటను డెక్లాన్ మాత్రం పడవ దగ్గర ఎవరినీ అననిచ్చేవాడు కాదు. "గ్రాండ్ అన్నావంటే చూడలేదన్నమాట" అనేవాడు.

ఒకసారి ఒక జాలరి తన పడవ మీద వలలు లాగే పెద్ద మోటారు చక్రం కొత్తగా బిగించి మమ్మల్ని చూడమన్నాడు. ఒడ్డున భార్య, పిల్లలు, కేకు. నేను లెక్క చూశాను. పైన బరువు ఎక్కువైంది, గాలివానలో తిరిగి లేవదు. నేను నోరు తెరవబోతుంటే డెక్లాన్ నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. జాలరిని తన వ్యాన్లోకి పిలిచి, ఫ్లాస్కులోంచి టీ పోసి, తలుపు వేసేశాడు. చాలాసేపటికి ఆ మనిషి ఎర్రటి మొహంతో దిగి, ఈరోజు వెళ్ళటం లేదని పెళ్ళాం బిడ్డలకు తనే చెప్పుకున్నాడు.

"జనం ముందు వద్దంటే అతను మనతో పోట్లాడతాడు" అన్నాడు డెక్లాన్, తిరుగుదారిలో. "వ్యాన్లో చెబితే తన పడవతో పోట్లాడతాడు."

రెండు దేశాల్లో పనిచేసి ఇద్దరు బాసుల దగ్గర నేర్చుకున్నది ఈ రెండు ముక్కలే. తలకిందులుగా చూడు, తలుపు వేసి చెప్పు.

బొట్టు

మొదటి మునకకు వారం ముందు ములింగార్‌లో సుధాకర్ గ్యారేజీలో వాహన పూజ చేశారు. చక్రాల్లేని వాహనానికి నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలనే చర్చ కొంతసేపు నడిచింది. ట్రైలరు చక్రాల కింద పెట్టారు. ఒకప్పుడు పాల ట్యాంకే కనుక క్షీరసాగరం ఎటూ లోపలే ఉందని నేనో మాట విసిరాను. ఎవరూ నవ్వలేదు, పూజారి తప్ప. సుధాకర్ భార్య వసంత, పడవకు మొహమంటూ ఉంటే అదేనని, డోము మీద పెద్ద కుంకుమ బొట్టు పెట్టింది. బాగుంది. నేనే ఫోటో తీశాను.

తర్వాతి ఆదివారం ములింగార్ దగ్గర చెరువు ఒడ్డున కార్లు బారులు తీరాయి. ఆస్పత్రి డాక్టర్లు, డబ్లిన్ సాఫ్ట్‌వేర్ కుటుంబాలు, పిల్లలు, మడత కుర్చీలు, పులిహోర డబ్బాలు. గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, దారిన పోతూ ఆగి, ఇది ఎరువుల ట్యాంకా అని అడిగి, కాదని విన్నాక మరింత అనుమానంగా చూసి వెళ్ళారు. నిత్య కొత్త సాక్సు వేసుకుని వచ్చింది. తడవకుండా పైకి వస్తే ఆ సాక్సే సాక్ష్యమని అందరికీ చూపిస్తోంది. మొదట దిగేది తనే. పడవ తనది, వేరెవరినీ దింపనంది.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. డోము మీద బొట్టు లేదు. తళతళ మెరుస్తోంది. మెరిసే వస్తువును చూస్తే నాకు సంతోషం కన్నా అనుమానం ముందు కలుగుతుంది.

పడవ ఇంకా ట్రైలరు మీదే ఉంది. మోకాళ్ళను బతిమాలుకుంటూ కింది రంధ్రంలోంచి లోపలికి దూరాను. వెల్లకిలా పడుకుని డోములోంచి ఆకాశం చూశాను. రావుగారి పద్ధతిలో డ్రాయింగును తిప్పవచ్చు గానీ పడవను తిప్పలేం, మనమే తలకిందులవ్వాలి. బయటినుంచి నున్నగా ఉన్న డోములో, లోపలినుంచి చూస్తే బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి వెంట్రుకలు కనపడ్డాయి. కళ్ళలో నలక అనుకుని రెప్పలు ఆర్పాను. వెంట్రుకలు పోలేదు. ఎర్రగా ఉన్నాయి.

నిత్యను లోపలికి పిలిచాను. ఇద్దరం ఇరుక్కుని పడుకున్నాం.

"డోము దేంతో కడిగావమ్మా?"

"సోప్ అండ్ వాటర్. ఓన్లీ దట్. యూ టోల్డ్ మీ."

"మరి బొట్టు?"

నిత్య వేలితో ఒక ఎర్ర గీతను తడిమింది. "డాడ్..." అంది తర్వాత, మెల్లగా. "హి సెడ్ ఇట్ వజంట్ కమింగ్ ఆఫ్. ఆస్పత్రి వైప్స్ తెచ్చాడు."

స్పిరిట్. సూది గుచ్చే ముందు స్పిరిట్‌తో తుడవడం సుధాకర్‌కు ఊపిరి తీసుకోవడం లాంటిది. చూడటానికి గాజులా ఉన్నా యాక్రిలిక్ గాజు కాదు. మందు పడని మనిషిలాంటిది, స్పిరిట్ తగిలితే లోలోపల చిట్లుతుంది. బోల్టుల బిగింపు ఉన్నచోట మరీనూ. కుంకుమ రంగు స్పిరిట్‌లో కరిగి ఆ పగుళ్ళలోకి దిగింది. ఆ రంగు లేకపోతే నా కళ్ళకు అవి కనిపించేవే కావు.

అప్పుడు నాకు డెక్లాన్ గుర్తొచ్చాడు. వ్యాను లేదు, నా చిన్న కారుంది. నిత్యను తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టి తలుపులు వేశాను. ఫ్లాస్కులో టీ పోశాను.

"ఆంటీ, ఎవ్రీవన్ ఈజ్ హియర్" అంది, కారు అద్దంలోంచి జనాన్ని చూస్తూ. "డాడ్ లీవ్ పెట్టి మరీ... హి టోల్డ్ ద హోల్ హాస్పిటల్."

"తెలుసు."

"మే బి ఇట్ వుడ్ హోల్డ్."

"నిలబడొచ్చు. నిలబడకపోవచ్చు. నాకు తెలీదు."

"మరి మీరే చెప్పండి వాళ్ళకి. దే విల్ లిజన్ టు యూ."

"పడవ నాది కాదు నిత్యా. నేను చెబితే ఆంటీ భయపడింది అనుకుంటారు. నువ్వు మళ్ళీ వెళ్ళి పడుకుని చూడు. చూశాక కూడా దిగుతానంటే, నేను నా కారులో ఇంటికి వెళ్ళిపోతాను. ఒడ్డున నిలబడి మాత్రం చూడను."

బెదిరింపు కాదు, నిజంగానే ఓపిక లేదు. ఎన్నో ఒడ్డుల మీద నిలబడ్డాను.

కప్పు నా చేతికిచ్చి దిగింది. ట్యాంకు కిందికి దూరింది. కొత్త సాక్సు వేసుకున్న పాదాలు రెండూ బయటికి కనిపిస్తూ చాలాసేపు కదలకుండా ఉన్నాయి. తర్వాత బయటికి వచ్చి బట్టలు దులుపుకుని, జనం దగ్గరికి వెళ్ళి, నేనెప్పుడూ వినని శుభ్రమైన తెలుగులో చెప్పింది.

"ఈరోజు నేను దిగడం లేదు. డోములో పగుళ్ళున్నాయి."

సుధాకర్ ముందు నా వైపు చూశాడు. "ఏందక్కా ఇది? ఇంతమందిని పిలిచినంక?"

"డాడ్, ఇట్స్ మై డెసిషన్."

"నాకేం కనవడతలేదు పగుళ్ళు. అద్దమోలె ఉన్నది."

"లోపలికి పోయి చూడు డాడ్."

"నేన్ జూసుడెందుకు? అక్క జూసింది కదా, ఇగ అయిపాయె." అతని చొక్కా జేబులోంచి వైప్స్ ప్యాకెట్ తొంగిచూస్తోంది. నిత్య దాన్ని చూసింది. నేనూ చూశాను.

కిశోర్ మధ్యవర్తిగా వచ్చాడు. "పోనీ ఆంటీ, అనుకున్న ఏడు మీటర్లొద్దు. రెండు మీటర్లు దిగి వచ్చేస్తుందండీ. ఫోటోలన్నా ఉంటాయి."

అందరికీ తోచే ఆలోచనే అది. లోతు తగ్గితే ప్రమాదం తగ్గుతుందని. ఈ రకం పడవలో అది కుదరదు. డోమును నెట్టే గేదె బలం పడవ ఎత్తును బట్టి ఉంటుంది, చెరువు లోతును బట్టి కాదు. రెండు మీటర్ల దగ్గరా అదే, ఏడు దగ్గరా అదే. డోము పోతే గాలంతా పైనుంచి పోతుంది, నీరు కిందినుంచి వస్తుంది, ఆపైన జిమ్ము ఇనుముకు ఎదురే ఉండదు. నేను చెప్పబోయేలోపు నిత్యే ఇదంతా చెప్పింది, చేతులు తిప్పుతూ, సగం తెలుగులో, సగం ఇంగ్లిషులో. వసంత వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "నువ్వైతే దిగకు బిడ్డా" అంది. అంతే.

మనిషి లేకుండా, తాడు కట్టి, గొట్టంతో గాలి ఇస్తూ దింపి చూద్దామంది నిత్య. దింపాం. మునిగింది, తేలింది. డోము చెక్కుచెదరలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు నా వైపు చూశారు.

"చూశారా ఆంటీ, ఏం కాలేదు" అన్నాడు కిశోర్, మర్యాదగానే.

"అవును నాన్నా. ఏం కాలేదు."

పులిహోర తిన్నాం. బాగానే ఉంది. సుధాకర్ నా పక్కన కూర్చోలేదు.

మంచు

ఆ తర్వాత అతను ఫోన్ చేయడం మానేశాడు. నేనూ చేయలేదు. ఇలాంటి నిశ్శబ్దాలు ఉద్యోగంలో చాలా చూశాను, కానీ వాటికి జీతం ఇచ్చేవాళ్ళు. నిత్య మాత్రం వచ్చేది. ఆ డోము విప్పేసి, రంధ్రాలు లేనిదాన్ని, పైన వలయంతో నొక్కిపట్టేలా మళ్ళీ గీసింది. బల్ల మీద పెట్టేటప్పుడే తలకిందులుగా పెట్టేది. నేను టీ పెట్టేదాన్ని.

పాత డోమును వసంత పెరట్లో బోర్లా తిప్పి, పిట్టలు నీళ్ళు తాగడానికి పెట్టిందట. చలికాలంలో ఒకరోజు పొద్దున సుధాకర్ ఫోన్ చేశాడు.

"అక్కా, గా డోము పలిగిందక్కా."

"ఎక్కడ?"

"బోల్టులు పెట్టిన కాడ్నించే. రొట్టె ఇరిసినట్టు ఇరిగింది."

ఇన్నేళ్ళలో నా మాటకు రుజువు కోసం ఎదురుచూసిన రోజులున్నాయి. తీరా అది ఫోన్లోకి వచ్చేసరికి నాకు అక్కర్లేదనిపించింది.

"రాత్రి మంచు బాగా పడింది కదయ్యా" అన్నాను. "లోపల నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి ఉంటాయి. మంచుకు రాళ్ళే పగులుతాయి."

అటునుంచి ఊపిరి వినిపించింది. మనుషుల ఊపిరి లెక్కబెడుతూ బతికినవాడు, తన ఊపిరి నాకు వినిపిస్తోందని మర్చిపోయాడు.

"పలిగిన అంచులు ఎర్రగున్నయక్కా" అన్నాడు. "మంచు ఎర్రగుండది కదా."

సాక్సు

మర్నాటి వేసవిలో మళ్ళీ అదే చెరువు. ఈసారి కార్లు తక్కువ. వసంత బొట్టు పెట్టింది, ట్రైలరు మడ్‌గార్డుకు. సుధాకర్ పొద్దుటినుంచీ రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకునే తిరిగాడు. ఎవరో పులిహోర పెడితే తప్ప బయటికి తీయలేదు.

నిత్య దిగే ముందు నేను లోపల పడుకుని చూశాను. తర్వాత నన్ను బయటికి రమ్మని, తను మళ్ళీ పడుకుని చూసుకుంది. నా మీద నమ్మకం లేక కాదు. నమ్మకం మీద నమ్మకం లేక. అది చూసి, ఇక నేను ఇంట్లో కూర్చున్నా పరవాలేదనిపించింది.

పడవ మునిగింది. నీటిమీద బుడగలు. నేను ఈసారి ఒడ్డునే నిలబడ్డాను. సుధాకర్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఇద్దరం బుడగల్నే చూశాం. అవి ఆగలేదు. వాటి నుంచి కళ్ళు తిప్పకుండానే అతను, "టీ ఉన్నదా అక్కా?" అని అడిగాడు. పోశాను.

పడవ పైకి తేలింది. తాడుతో ఒడ్డుకు లాగారు. ట్రైలరు మీదికి ఎక్కించాక, నిత్య కింది రంధ్రంలోంచి జారి గట్టు మీద కూలబడింది.

"ఏం కనిపించింది బిడ్డా?" అన్నాడు సుధాకర్.

"బ్రౌన్, డాడ్. జస్ట్ బ్రౌన్." ఈ దేశపు చెరువుల్లో నీళ్ళు టీ రంగులో ఉంటాయి. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. మూడు కుటుంబాలు అంత కష్టపడి చివరికి చూసింది ఆ రంగు.

అందరూ నవ్వారు. నిత్య బూటు విప్పి, కాలు నా ముందుకు చాపింది. "ఫీల్ ఇట్, ఆంటీ. డ్రై."

వంగి పట్టుకుని చూశాను. నిజమే, వెచ్చగా, పొడిగా ఉంది. ఇన్నేళ్ళూ ఏమీ జరగకపోవడాన్ని ఎవరూ నా చేతిలో పెట్టలేదు.

"గ్రాండ్?" అంది.

"రెండో కాలు కూడా చూపించు" అన్నాను.